చల్లార్చడమా, చల్లబరచడమా: కంప్రెసర్ నీళ్లకు ఏ మాట సరి?

పాలమూరు అనువాదం:
300 బార్ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి నింపే చిన్న కంప్రెసర్‌కు వాడే తీరు చెప్పే కాగితం తెలుగులో తయారవుతోంది. 10 మీటర్ల గురికి కాల్చే ఎయిర్ రైఫిళ్ల గాలి సిలిండర్లు నింపే చోట గోడకు అంటించాలి. అందులో వాటర్ కూలింగ్‌ను, అంటే చిన్న పంపుతో బకెట్ నీళ్లను యంత్రంలో తిప్పి వేడి తీయడాన్ని, మెరుగుపరచుకోవడం గురించి ఒక భాగం ఉంది. 'జల శీతలీకరణ' అని రాస్తే, చదివినవాళ్లు బకెట్లో ఐసు గడ్డలు వేయడమే పని అనుకుంటున్నారు. చల్లబరచడం, చల్లార్చడం, వేడి తీయడం: వీటిలో ఏది రాయాలి? మనవైపు మాట దొరికితే ఇంకా మంచిది.

మాటల మూట, నల్లగొండ:
శీతలీకరణ వద్దండి. ఆ మాట వినగానే ఫ్రిజ్, కోల్డ్ స్టోరేజీ కళ్ల ముందుకొస్తాయి. చల్లబరచడం, చల్లార్చడం మధ్య తేడా మాత్రం చాలా ఉంది.

'చాయ్ సల్లారింది' అంటాం. ఆ చాయ్ ఎంతసేపు ఉంచినా గదిలో ఉన్న వేడికంటే కిందికి దిగదు. అదే నీళ్లు ఫ్రిజ్‌లో పెడితే 'చల్లబడ్డాయి' అంటాం, 'చల్లారాయి' అని ఎవరూ అనరు. కోపం చల్లారుతుంది, మంట చల్లారుతుంది. ఉన్న వేడి పోవడమే ఆ మాటకు అర్థం, కొత్తగా చలువ చేరడం కాదు. చల్లార్చడంలో ఇంకో సంగతి ఉంది, అందులో కదలిక ఉంటుంది. పాలు చల్లార్చాలంటే ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి ఎత్తి పోస్తాం.

మీ యంత్రంలో నీళ్లు చేసే పని ఏది? చుట్టూ ఉన్న గాలికంటే చల్లగా చేయడమా, ఉన్న వేడిని బయటికి చేర్చడమా? దాన్నిబట్టి మాట తేలుతుంది.

దేవరకొండ లేత్ పని:
రెండోదే. గాలిని 300 బార్‌కు రెండు దశల్లో నొక్కితే ఒక్కో దశలో పదిహేడు రెట్లు నొక్కినట్టు. 30 డిగ్రీల గాలిని వేడి బయటికి పోనీయకుండా ఒక్కసారే పదిహేడు రెట్లు నొక్కితే, లెక్క ప్రకారం 400 డిగ్రీల దాకా పోతుంది. నిజంగా అంత పోదు. సిలిండర్ గోడ, నీళ్లు మధ్యలోనే వేడిని గుంజుకుంటాయి. గుంజకపోతే పిస్టన్ రింగులు, ఓ-రింగులు మాడతాయి, నూనె మసి అవుతుంది. ఎక్కువ ఒత్తిడిలో నూనె ఆవిరి బాగా కాగితే అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

ఇక లెక్క చూడండి. మోటారు 1.8 కిలోవాట్లది, అందులో 1 కిలోవాట్ నీళ్లలోకి వస్తుందని పట్టుకుందాం. 10 లీటర్ల బకెట్ నిమిషానికి దాదాపు 1.4 డిగ్రీలు వేడెక్కుతుంది. 20 లీటర్లయితే 0.7. 30 డిగ్రీల నీళ్లతో మొదలుపెట్టిన 10 లీటర్లు ఇరవై నిమిషాల్లో 58 దగ్గరికి పోతాయి. అంటే బకెట్ వేడిని దాచుకుంటోంది, వదిలించుకోవడం లేదు. కిలో ఐసు కరగడానికి పట్టే వేడి ఈ యంత్రం అయిదున్నర నిమిషాల్లో ఇచ్చే వేడికి సమానం. ఐసు అంతసేపే ఆదుకుంటుంది. పెద్ద డబ్బా, పారే నీళ్లు దానికంటే మేలు.

పాలమూరు అనువాదం:
పారే నీళ్లు అంటే ఎంత పారాలి? కాగితంలో అంకె వేయాలి.

దేవరకొండ లేత్ పని:
వెనక్కొచ్చే పైపును లీటరు సీసాలో పెట్టి ఫోన్‌లో సెకన్లు చూడమనండి. 15 సెకన్లలో నిండితే నిమిషానికి 4 లీటర్లు, నిమిషం పడితే 1 లీటరే. 1 లీటరు ధారలో నీళ్లు లోపలికి పోయి బయటికి వచ్చేసరికి 14 డిగ్రీలు పెరుగుతాయి, 4 లీటర్ల ధారలో మూడున్నర. కనీసం 3, వీలైతే 4 లీటర్లు రావాలి.

పంపు డబ్బా మీద గంటకు 600 లీటర్లు అని రాసి ఉంటే అది పైపు లేకుండా, ఎత్తు లేకుండా చెప్పిన అంకె. సన్న పైపు తగిలిస్తే అందులో మూడో వంతు కూడా రాకపోవచ్చు. చేపల తొట్టి పంపు తీసేసి ఎయిర్ కూలర్‌లో వాడే పంపు పెట్టండి. పైపు యంత్రం ముక్కు దగ్గర మాత్రమే సన్నగా ఉండాలి, ఆ తర్వాత వెంటనే 12 మిల్లీమీటర్లకు పెంచాలి. పొడవు మీటరున్నర చాలు. మడత పడని, దారం అల్లిన పైపు తీసుకోండి. నీళ్లు కింది ముక్కులోంచి ఎక్కి పై ముక్కులోంచి దిగాలి. తిరగేస్తే పైన గాలి బుడగ నిలిచిపోతుంది, అక్కడ నీళ్లు తాకక తల (సిలిండర్ పై భాగం) కాలిపోతుంది. ముక్కు రంధ్రం పెద్దది చేయడానికి డ్రిల్లు పెట్టొద్దు.

మొదటి దశ నుంచి రెండో దశకు పోయే పైపు మీదికి ఒక చిన్న ఫ్యాను తిప్పండి. అక్కడ గాలి ఎంత చల్లారితే రెండో దశకు అంత బరువు తగ్గుతుంది. చాలామంది తలనే చూస్తారు, ఆ పైపును పట్టించుకోరు.

కల్వకుర్తి కూలర్లు:
ఇక్కడే మాట విడిపోతుందన్నా. వెనక్కొచ్చే నీళ్లను బైకు రేడియేటర్లోంచి తిప్పి ఫ్యాను పెడితే అది అచ్చంగా చల్లార్చుడు. మే నెలల బయట 42 ఉంటే నీళ్లు 42 కంటే కిందికి ఎన్నటికీ రావు. అదే నీళ్లను కూలర్ గడ్డి మీద కారబోసి ఫ్యాను తిప్పితే చల్లబరుచుడు. పాలమూరు ఎండాకాలపు పొడిగాలిల, తేమ 20 శాతం ఉన్నప్పుడు, అట్ల తిరిగిన నీళ్లు 24–25 డిగ్రీల దరిదాపుకు పోవచ్చు. రంజన్‌ల (మట్టి కుండల) నీళ్లు చల్లబడేది ఈ పద్ధతిలనే. వానాకాలం గాలిల తేమ పెరిగితే ఈ లాభం చాలా తగ్గుతది.

మాటల మూట, నల్లగొండ:
తేడా ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. రేడియేటర్‌కు 'చల్లార్చే', గడ్డి మీద కారే నీళ్లకు 'చల్లబరిచే' అని రాయొచ్చు. రెంటికీ కలిపి శీర్షికగా 'వేడి గుంజే నీళ్లు' ఎలా ఉంటుంది? గుంజు అన్నది మనవైపు నోట్లో రోజూ తిరిగే మాట. చదివినవాడికి ఐసు గుర్తుకు రాదు, లాగి బయట పడేసే పని గుర్తొస్తుంది.

పాలమూరు అనువాదం:
శీర్షిక కుదిరింది. ఇంకో చిక్కు. లోపల తెల్లగా కట్టే పొరను ఇంగ్లీషు కాగితంలో 'స్కేల్' అన్నారు. ముందు చేసిన అనువాదంలో 'పొలుసు' అని పడింది. చేపకుండే పొలుసే గుర్తొస్తోంది.

దేవరకొండ లేత్ పని:
'సున్నం కట్టింది' అంటాం.

మాటల మూట, నల్లగొండ:
'గార' ఇంకా బాగుంటుంది. పళ్లకు గార పడుతుంది, గోడకు గార పూస్తారు. గట్టిగా అంటుకునే సున్నపు పొర అన్న అర్థం రెండింటిలోనూ ఉంది.

నీళ్ల పరీక్ష, మునుగోడు:
మాట మంచిదే, కానీ మా వైపు ఒక జాగ్రత్త కావాలి. నల్లగొండలో 'గార పళ్లు' అనగానే ఫ్లోరైడ్ అనుకుంటారు. యంత్రంలో కట్టే గారకు ఫ్లోరైడ్ కారణం కాదు, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే 'నల్లగొండ పద్ధతి' నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది. ఆ నీళ్లు వాడితే గార ఆగుతుందని కొందరు అనుకుంటారు. ఆగదు. ఆ పద్ధతి ఫ్లోరైడ్ కోసమే, నీళ్ల కాఠిన్యం కోసం కాదు.

గార పొర వేడిని దాటనిచ్చేది అల్యూమినియంతో పోలిస్తే దాదాపు వందో వంతు. అర మిల్లీమీటరు కట్టినా తల వేడి చూపే మీటరులో అంకె పైకి పోతుంది, బకెట్ నీళ్లు మాత్రం చల్లగానే ఉంటాయి. గుర్తు అదే: తల కాలుతుంటే, నీళ్లు చల్లగా ఉంటే, ధార బాగానే ఉంటే లోపల గార పట్టినట్టు.

బోరు నీళ్లు వాడొద్దు. ఆర్‌ఓ నీళ్లు గానీ, బ్యాటరీలో పోసే నీళ్లు గానీ పోయండి. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే వృథా నీళ్లు బోరు నీళ్లకంటే ఉప్పన, అవి అసలే వద్దు. రేడియేటర్ పెట్టినవాళ్లు నాలుగో వంతు కారు కూలెంట్ కలిపితే లోహం తుప్పు పట్టదు. అది విషం, రుచికి తియ్యగా ఉంటుంది. కుక్కలు, పశువులు తాగే చోట డబ్బా తెరిచి పెట్టొద్దు. గడ్డి కూలర్ పద్ధతిలో కూలెంట్ పనికిరాదు. అక్కడ కంప్రెసర్ వేడికే గంటకు లీటరున్నర నీళ్లు ఆవిరవుతాయి, పొడిగాలి తాగేది దానికి అదనం. ఉప్పంతా మిగిలి చిక్కబడుతుంది కాబట్టి వారానికోసారి పూర్తిగా పారబోసి మార్చాలి.

కట్టిన గార తీయాలంటే లీటరు గోరువెచ్చని నీళ్లకు 25 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). కంప్రెసర్ ఆపి, నీళ్ల పంపు ఒక్కటే 20–30 నిమిషాలు తిప్పాలి. సున్నం కరుగుతున్నంతసేపు బుడగలు వస్తాయి. తర్వాత రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. బాత్రూం కడిగే యాసిడ్ పోస్తే గారతోపాటు అల్యూమినియాన్నీ తినేస్తుంది. కాస్టిక్ సోడా కూడా అంతే.

పాలమూరు అనువాదం:
'గార' ఖాయం, కింద కాల్షియం మాట కూడా పెడతాను. చివరిది: 'బ్లీడ్' చేయాలి, అంటే లోపల చేరిన నీళ్లను స్క్రూ తెరిచి బయటికి వదలాలి, అన్నదానికి?

కల్వకుర్తి కూలర్లు:
'తడి వదలాలి'. అందరికీ తెలుస్తది.

దేవరకొండ లేత్ పని:
అదే రాయండి, అయిదు నిమిషాలకోసారి అని. వేడి బాగా గుంజితే గాలిలోని తేమ ముందే నీళ్లయి వడపోత గిన్నెలో పడుతుంది, కాబట్టి కూలింగ్ మెరుగైనాక తడి ఎక్కువసార్లు వదలాలి. 30 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న రోజు 3 లీటర్ల సిలిండర్‌ను 300 బార్‌కు నింపితే సుమారు 16 గ్రాముల నీళ్లు వస్తాయి, మూడు చెంచాలు. వదలకపోతే అవి సిలిండర్లోకి పోయి లోపల తుప్పు పట్టిస్తాయి.

తల మీటరు 70 డిగ్రీలు చూపితే ఆపమని రాయండి. ఆపేముందు తడి వదిలే స్క్రూ తెరిచి ఒత్తిడి దించాలి. మోటారు ఆగినాక నీళ్ల పంపును ఇంకో పది నిమిషాలు తిరగనివ్వాలి, లోహంలో దాగిన వేడి అప్పుడు బయటికి వస్తుంది. ఈ వాక్యంలో మాత్రం 'చల్లారనివ్వాలి' అనే రాయండి. బకెట్లో చేయి పెట్టేముందు పంపు ప్లగ్గు తీయాలి, సాకెట్‌కు ఎర్త్, కరెంటు లీకైతే తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఈ గాలి ఊపిరికి పనికిరాదని పెద్ద అక్షరాల్లో వేయండి.

పాలమూరు అనువాదం:
'నీళ్లు పోయాలి' అని నాలుగు చోట్ల ఉంది. అన్నిచోట్లా 'నీళ్లు తిరగాలి' అని మారుస్తున్నాను.

మాటల మూట, నల్లగొండ:
మూడు చోట్ల మార్చండి. మొదటిసారి డబ్బా నింపే చోట 'పోయాలి' అనే ఉండాలి.