మ్యాక్ క్లాసిక్ ఫ్లాపీల్లో చెక్కభజన పాటలు, పీసీలోకి తెచ్చేది ఎట్ల?

ఏడురోడ్లు (కడప):
మా నాయన ఏడు రోడ్ల దగ్గర చిన్న ప్రెస్సు నడిపేవాడు. 1993లో సెకండ్ హ్యాండ్‌లో మ్యాక్ క్లాసిక్ అనే యాపిల్ కంప్యూటరు కొన్నాడు, అదే తొమ్మిది అంగుళాల నలుపు తెలుపు తెరది. మా వీధి అయ్యవారు రిటైరయ్యాక పల్లెలు తిరిగి చెక్కభజన పాటలు రాసుకొచ్చి నాయన దగ్గర టైపు చేయించినాడు. డబ్బుల్లేక పుస్తకం అచ్చు కాలేదు. రాతప్రతులు చెదలు తినేసినాయి. అయ్యవారికి ఇప్పుడు 86. మొన్న కనపడి "మన పాటలు ఆ డబ్బాలోనే ఉన్నాయా నాయనా" అన్నాడు, నోట మాట రాలేదు నాకు.

రస్కుల డబ్బాలో 14 ఫ్లాపీలు దొరికినాయి. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు కొని పీసీకి పెడితే ప్రతిదానికీ "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతోంది. ఒకదానికి సరే నొక్కబోయి ఆగినా. రెండేళ్ల కిందట మ్యాక్ ఆన్ చేస్తే నవ్వుముఖం బొమ్మ వచ్చింది. కానీ ఫ్లాపీ మింగుతుంది, కక్కదు.

పాతపెట్టె (అనంతపురం):
అన్నా, సరే అస్సలు నొక్కొద్దు! ముందు ఫ్లాపీ మూలలు చూడు. ఒక్క పక్కే కన్నం ఉంటే అది 800 కే (కిలోబైట్ల) డిస్కు. పీసీ డ్రైవు ఎప్పుడూ నిమిషానికి 300 చుట్లే తిప్పుతుంది. మ్యాక్ డ్రైవు బయటి ట్రాకులకు 394, లోపలికి పోయేకొద్దీ పెంచుతూ 590 దాకా తిప్పుతుంది. రాసే పద్ధతి కూడా వేరే. అందుకే యూఎస్‌బీ డ్రైవు దాన్ని ఖాళీ డిస్కు అనుకుంటోంది. ఫ్లాపీ మీది చిన్న గడి జరిపి కన్నం తెరిచి పెట్టు, అప్పుడు పొరపాటున నొక్కినా రాయలేదు.

మ్యాక్ ఆన్ చేసే ముందు వెనక మూత విప్పి 3.6 వోల్టుల బ్యాటరీ పీకెయ్. అది కారితే బోర్డు తినేస్తుంది. పిక్చర్ ట్యూబు దగ్గర చెయ్యి పెట్టొద్దు, షాక్ కొడుతుంది. తెలిసినోళ్లతో విప్పించుకో. కక్కకపోవడానికి కారణం చాలాసార్లు డ్రైవులో గ్రీజు గట్టిపడడం. పాతది తుడిచి కొంచెం కొత్తది పూస్తే సరిపోతుంది.

మ్యాక్ చదివితే ఫైళ్లు హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, యాపిల్ ఫైల్ ఎక్స్చేంజ్ అనే ప్రోగ్రాముతో డాస్ 1.44 ఫ్లాపీ (పీసీ చదివే 1.44 ఎంబీ రకం) మీద రాయి. క్లాసిక్ డ్రైవు 1.44 కూడా రాస్తుంది, దాన్ని నీ యూఎస్‌బీ డ్రైవు చదువుతుంది. లేదా సీరియల్ కేబులుతో మ్యాక్‌ను పీసీకి కలిపి పంపు, సెకనుకు 9600 బిట్ల స్పీడు. ఒక్కో 800 కే ఫ్లాపీకి దాదాపు పావుగంట, టీ తాగి రావచ్చు. మ్యాక్ మొరాయిస్తే గ్రీజ్‌వీజిల్ బోర్డు, పాత పీసీ లోపలి ఫ్లాపీ డ్రైవు పట్టుకో. అది అయస్కాంత గుర్తులను ఉన్నవి ఉన్నట్టు నమోదు చేస్తుంది, కాబట్టి చుట్ల గొడవ లేదు.

వత్తులు:
ఒక మాట. మ్యాక్ ఫైలుకు రెండు భాగాలు ఉంటాయి, డేటా ఒకటి, రిసోర్సు ఒకటి. డాస్ ఫ్లాపీలోకి ఊరికే కాపీ చేస్తే రిసోర్సు భాగం పోవచ్చు, ఆ కాలపు ఫాంట్లన్నీ అందులోనే ఉంటాయి. ముందు స్టఫిట్ అనే మ్యాక్ ప్రోగ్రాములో రెండు భాగాలూ ఒకే ఫైలుగా మూట కట్టి పంపండి. సిస్టమ్ ఫోల్డరులోని తెలుగు ఫాంటును మర్చిపోవద్దు, అది పోతే పాటలు పోయినట్టే. ఆ టైపింగు యూనికోడ్ (ఇప్పుడు అన్ని కంప్యూటర్లు వాడే అక్షరాల కోడు) కాదు, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చి గీతలే. బేసిలిస్క్‌ లాంటి ఎమ్యులేటరులో (పీసీలోనే పాత మ్యాక్‌ను నడిపే ప్రోగ్రాము) ఫాంటు ఎక్కించి ప్రతి కోడుకూ ఏ ముక్క వస్తుందో పట్టిక రాసుకోండి. తలకట్టు, కొమ్ము, వత్తులు వేరువేరు కోడ్లు ఉంటాయి. క్రారవడి (ర వత్తు) ఏడిపిస్తుంది.

ఒకడు:
ఇంత కష్టం దేనికి? తెర ఫొటోలు తీసి టైపిస్టుకు ఇచ్చేయండి.

ఏడురోడ్లు:
తెర మీదికి రావాలంటే ముందు చదవాల గదా సారూ!

అప్‌డేట్: గ్రీజు మార్పించినాను, డ్రైవు కక్కింది. 14లో 12 వచ్చినాయి, రెండింటికి బూజు. ఫైల్ పేర్లు "భజన 3 కొత్తది", "భజన 3 కొత్తది నిజం". ఏది నిజమో నాయన ఉంటే అడుగుదును. మొదటి పాట ప్రింటు తీసి అయ్యవారికి ఇస్తే, చదవకుండానే "రెండో చరణంలో వత్తు తప్పు" అన్నాడు. చూస్తే నిజమే, క్రారవడి.

తొమ్మిదో ఫ్లాపీలో పాటలు లేవు, 1994 నాటి పెళ్లి కార్డులు. అవి ఎవరికి ఇయ్యాల్నో.