ఉద్యోగానికి రోజూ వెళ్లిరావడానికి తక్కువ ఖర్చులో ఎలాంటి సైకిలు కొనాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను పనిచేసే చోటు మా ఇంటికి 9 కిలోమీటర్ల దూరంలో ఉంది. దారి అంతా తారురోడ్డే అయినా అక్కడక్కడా గుంతలున్నాయి, మధ్యలో ఒక పెద్ద వంతెన ఎక్కి దిగాలి. చిన్నప్పుడు తొక్కిన తరువాత మళ్లీ సైకిలు జోలికి పోలేదు. దుకాణంలో ముందువైపు షాక్ అబ్జార్బరు, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు, 21 గేర్లు, బొడిపెలున్న లావుపాటి టైర్లు గల సైకిలును చూపించి, అదే ధరకు వచ్చే సాదా సైకిలు కంటే ఇదే లాభమని చెప్పారు. చూపులకు బాగానే ఉంది గానీ ఎత్తి చూస్తే చాలా బరువనిపించింది. ఉన్న కొద్దిపాటి డబ్బును దేనిమీద పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవచ్చో రోజూ తొక్కేవారు చెప్పగలరా?

మొదటి జవాబు

మీ అనుమానం సరైనదే. తక్కువ ధర సైకిళ్లకు బిగించే షాక్ అబ్జార్బరులో సాధారణంగా ఒక స్టీలు స్ప్రింగు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. అది గుంతల కుదుపును మింగడం మాట అలా ఉంచి, వంతెన మీద మీరు లేచి నిలబడి తొక్కినప్పుడు పైకీ కిందికీ ఊగుతూ మీ బలాన్నే మింగుతుంది. అదే ధరలో ఇన్ని హంగులు ఇస్తున్నారంటే, కంటికి కనిపించని బేరింగులలో, రిమ్ములలో కోత పడే ఉంటుంది.

21 గేర్లంటే ముందు 3, వెనుక 7 పళ్లచక్రాలు. వాటిని కలిపితే వచ్చేవాటిలో చాలావరకు దాదాపు ఒకేలా ఉంటాయి, కొన్నింటిలోనైతే చైను ఏటవాలుగా నడిచి త్వరగా అరిగిపోతుంది. దారి చదునుగా ఉంటే గేర్లు లేని సైకిలే తీసుకోమనేవాణ్ణి. వంతెన ఉందంటున్నారు కనుక, ముందు ఒకటి, వెనుక 7 లేదా 8 ఉన్నది మీకు ధారాళంగా సరిపోతుంది.

నన్నడిగితే ముందుగా చూడవలసింది టైర్లు. టైరు పక్క గోడమీద 37-622 వంటి అంకెలు అచ్చుపోసి ఉంటాయి. మొదటిది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండవది రిమ్ముమీద టైరు కూర్చునే చోట వ్యాసం. గుంతలున్న తారురోడ్డుకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పుతో, బొడిపెలు లేకుండా నున్నగా ఉన్న టైరు చక్కగా పనికివస్తుంది. గాలి సరిగ్గా ఉంటే కుదుపును చాలావరకు అదే కాస్తుంది. కనుక ఒక మంచి పంపు కొనుక్కుని వారానికొకసారైనా గాలి చూసుకోండి.

మడ్‌గార్డులు, వెనుక క్యారియరు బిగించడానికి ఫ్రేముకు రంధ్రాలు ఉన్నాయో లేవో తప్పక చూడండి. నేను మడ్‌గార్డులు లేని సైకిలు కొని, మొదటి వానరోజున తెల్ల చొక్కా వీపుమీద నడుము నుంచి మెడ దాకా బురద చారతో మీటింగులో కూర్చున్నాను. సంచిని వీపుకు తగిలించుకోకుండా క్యారియరుమీద పెడితే వీపుమీద చెమట కూడా తగ్గుతుంది.

రెండవ జవాబు

పై మాటలతో ఏకీభవిస్తూనే, డిస్కు బ్రేకులను పూర్తిగా తీసిపారేయవద్దని మనవి. వానలో రిమ్ము తడిసినా వాటి పట్టు అంతగా తగ్గదు. అయితే చవక రకానికి తరచూ సర్దుబాటు అవసరమవుతుంది. రిమ్మును పట్టే బ్రేకులకైతే రబ్బర్లు అరిగినప్పుడు ఇంట్లోనే మార్చుకోవచ్చు.

నా సలహా పాత సైకిలు. అదే డబ్బుకు ఒక మెట్టు పైది దొరుకుతుంది. వెళ్లేటప్పుడు ఒక స్కేలు పట్టుకెళ్లండి. చైనులోని ఒక పిన్ను నడిమధ్యన సున్నా ఉంచి 24 లింకులు లెక్కపెడితే, కొత్త చైనులో ఆ చివరి పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు దాటి జరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా జరిగిందంటే పళ్లచక్రాలు కూడా అరిగాయనే లెక్క, ఆ మేరకు బేరమాడవచ్చు. చక్రాన్ని పైకెత్తి తిప్పి, బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు ఒకేలా ఉందో లేదో గమనించండి. పెడళ్ల ఇరుసు ఉండే చోట ఫ్రేము అడుగున చెక్కిన సీరియల్ నంబరును గీకేసి ఉంటే మాత్రం, ఎంత చవకైనా వెనుదిరిగి రండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. నాకు తెలిసినవారొకరు పాత సైకిలు అమ్ముతామంటున్నారు, కానీ ఆయన నాకంటే బాగా పొడవు. సీటు దించుకుంటే సరిపోతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు

సీటు దించితే ఎత్తు తగ్గుతుంది గానీ, హ్యాండిల్ దూరం తగ్గదు. రోజూ అంత ముందుకు సాగి తొక్కితే మెడ, భుజాలు పట్టేస్తాయి. పై కడ్డీకి అటూ ఇటూ కాళ్లు వేసి, పాదాలు పూర్తిగా ఆనించి నిలబడినప్పుడు కడ్డీ ఒంటికి తగలకుండా కాస్త ఖాళీ ఉండాలి. తరువాత సీటుమీద కూర్చుని, కింది పెడల్ మీద మడమ పెడితే మోకాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కనుక, ఆ మోకాలు తగినంత వంగుతుంది. ఈ రెండింటిలో ఏది కుదరకపోయినా ఆ సైకిలు వదిలేయండి. తాళానికీ, ముందు వెనుక దీపాలకూ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఆ సైకిలు పై కడ్డీ నాకు తగులుతోంది, కనుక దానిని వదిలేశాను. ఈ ఆదివారం మరొకటి చూడడానికి స్కేలు పట్టుకుని వెళుతున్నాను.