రాజమహేంద్రవరం నుంచి భీమిలికి బైకులపై రెండు రోజుల ప్రయాణం

ప్రశ్న:
నలుగురు మిత్రులం శనివారం తెల్లవారుజామున బయలుదేరి, 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా విశాఖపట్నం చేరి, అక్కడి నుంచి తీరం వెంట ఉన్న రోడ్డులో భీమునిపట్నం వెళ్లాలనుకుంటున్నాము. నా బండి 125 సీసీది, మిగిలినవారివి 350 సీసీవి. నాకు ఇబ్బంది అవుతుందా?

మొదటి సమాధానం:
కాదండి, కాకపోతే మీ బండినే అందరికంటే ముందు నడవనివ్వండి. వెనుక ఉంటే వారిని అందుకోవాలనే తాపత్రయంలో ఇంజనును అతిగా శ్రమపెడతారు. అన్నవరంలో ఆగి ప్రసాదం తీసుకోండి. అనకాపల్లి దాటాక లారీల రద్దీ పెరుగుతుంది కనుక అక్కడ ఒకరి వెనుక ఒకరుగా, తగినంత ఎడంతో నడపండి.

రెండవ సమాధానం:
విశాఖ దాటాక తొందరపడకండి. తొట్లకొండపై బౌద్ధారామ శిథిలాలు, ఆ తరువాత ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో డచ్చివారి సమాధులు, గోస్తని సముద్రంలో కలిసే చోటు చూడదగినవి. దిబ్బలపైకి మాత్రం బండ్లు ఎక్కించవద్దు. అవి వేల ఏళ్లుగా ఏర్పడిన భూవారసత్వ సంపద, చక్రాల ఒరిపిడికి సులభంగా కరిగిపోతాయి.

మూడవ సమాధానం:
ఇసుకలో సైడ్ స్టాండు దిగబడి నా బండి ఒకసారి పక్కకు ఒరిగిపోయింది. స్టాండు కింద పెట్టడానికి ఒక చెక్కముక్క తీసుకువెళ్లండి. ఇంటికి రాగానే ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి, గొలుసు ఆరాక నూనె వేయండి.