ఆర్ లెపోరిస్ నక్షత్రం అంత ఎర్రగా ఎందుకు? చల్లదనమా, కార్బనా?

గొల్లకావడి: "చల్లని నక్షత్రం కాబట్టే ఎరుపు" అని నిన్న ఒకరు రాశారు. ఒప్పుకోను. మీరా అనే నక్షత్రం కూడా చల్లనిదే, అదీ ఉబ్బుతూ తగ్గుతూ ఉండేదే. కానీ దాని ఎరుపు ఇంత గాఢంగా ఉండదు. కుందేలు రాశిలోని ఆర్ లెపోరిస్ నిప్పుకణికలా ఉంటుంది. అందులో ఆక్సిజన్ కంటే కార్బన్ ఎక్కువ. ఉన్న ఆక్సిజనంతా కార్బన్ మోనాక్సైడ్‌లో చిక్కుకుపోతుంది. మిగిలిన కార్బన్ జంట అణువులుగా, కార్బన్-నైట్రోజన్ అణువైన సయనోజెన్‌గా మారి నీలి కాంతిని మింగేస్తుంది. మీరాలో మిగిలేది ఆక్సిజన్. అందుకే దాని వర్ణపటంలో టైటానియం ఆక్సైడ్ పట్టీలు.

డాబా_మీద: నాలుగు రాత్రులు ఫోటోలు తీశాను, నారింజే వచ్చింది. 1845లో ఖగోళ శాస్త్రజ్ఞుడు హైండ్ దాన్ని రక్తపు చుక్కతో పోల్చాడని ఇప్పటికీ అందరిదీ అదే పాట.

గొల్లకావడి: ఏ నెలలో తీశారు? దాని వెలుగు పెరిగి తగ్గే చక్రం సుమారు 430 రోజులు. వెలుగు తగ్గే కొద్దీ ఎరుపు ముదురుతుంది. పైగా ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఏ రంగైనా వెలిసిపోతుంది.

కొత్తగా_చేరా: ఆ కార్బన్ పుట్టుకతో వచ్చిందా అండీ?

గొల్లకావడి: కాదమ్మా. లోపల హీలియం మండి కార్బన్ అవుతుంది, అది పైకి తేలుతుంది. ఇలాంటి ముసలి నక్షత్రాలు మూలకాలు వండుతాయనడానికి గట్టి సాక్ష్యం 1952లో ఖగోళ శాస్త్రజ్ఞుడు మెరిల్ చూపించాడు: ఆర్ ఆండ్రోమెడే వంటి వాటిలో టెక్నీషియం అనే రేడియోధార్మిక మూలకం. అక్కడ తయారయ్యే టెక్నీషియం సుమారు 2 లక్షల ఏళ్ళలో సగమైపోతుంది. నక్షత్రం పుట్టినప్పటిది ఇన్నాళ్ళు మిగలదు.

డాబా_మీద: పాఠం బాగుంది. నా ప్రశ్న రంగు గురించి. ఎర్ర నక్షత్రాన్ని ఎంతసేపు చూస్తే అంత వెలుగుగా కనిపిస్తుంది. కెమెరా లేకుండా కంటితో వెలుగును కట్టే అలాంటి అంచనాలు ఎవరికి పనికొస్తాయి?

గొల్లకావడి: అదీ, ఇప్పుడు బయటపడింది! మీ గొడవ కార్బన్‌తో కాదు, నా నోటుపుస్తకంతో. పదకొండేళ్ళుగా రాస్తున్నాను. తదేకంగా చూడకూడదని, ఒక్క చూపులో పోల్చుకోవాలని నాకు తెలియదా? మా ఊరి క్లబ్బులో ఒకాయన నా అంచనాలన్నీ పట్టికలోంచి తీసేశాడు, కెమెరా కొన్న వారానికే.

డాబా_మీద: ఆ క్లబ్బు సంగతి నాకు తెలియదు సార్. నాదీ కష్టమే. ఇక్కడ నా ఫోటో పెడితే "నీ కళ్ళతో చూశావా?" అని ముగ్గురు తీసిపారేశారు.

కొత్తగా_చేరా: ఇద్దరివీ ఒకే గ్రాఫు మీద వేయండి.

గొల్లకావడి: నా అంచనాలు దిద్దకుండా వేస్తేనే.

డాబా_మీద: దిద్దను. రోజు, టైము, పోల్చిన నక్షత్రం, మూడూ ఉండాలి.

గొల్లకావడి: ఉన్నాయి. ప్రతి పేజీలో.