కంపెనీ బోర్డుల్లో ఆడవాళ్ల కోటా: ఎవరికి మేలు జరిగింది?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల (స్టాక్ మార్కెట్లో షేర్లున్నవి) డైరెక్టర్ల బోర్డుల్లో కనీసం ఒక మహిళ ఉండాలంది. ఏం ఒరిగింది? గడువు ముంచుకొచ్చేసరికి చాలా చోట్ల యజమాని భార్యనో కూతురినో కూర్చోబెట్టారు. నేను 18 ఏళ్లు అకౌంట్స్‌లో చేశాను. మేనేజరు పోస్టు నాదే అన్నారు. చివరికి ఇంటి కోడలికిచ్చారు.

కోట జంక్షన్ (విజయనగరం):
ఆ లోటు చూసే సెబీ (స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) ఇండిపెండెంట్ మహిళా డైరెక్టరు ఉండాలని రూలు తెచ్చింది. 2019 ఏప్రిల్‌కి మార్కెట్ విలువలో మొదటి 500 లిస్టెడ్ కంపెనీలు, 2020 ఏప్రిల్‌కి మొదటి 1000. ప్రమోటరు, అంటే యజమాని, బంధువులు ఆ లెక్కలోకి రారు. ఇంతకీ మీది లిస్టెడ్ కంపెనీయేనా?

నాగావళి ఒడ్డు:
కాదు. అయితే?

కోట జంక్షన్:
లిస్టెడ్ కాకపోతే, పబ్లిక్ కంపెనీ (ప్రైవేట్ లిమిటెడ్ కానిది) అయ్యుండి 100 కోట్ల పెయిడప్ క్యాపిటలో (వాటాదార్లు కట్టిన పెట్టుబడి) 300 కోట్ల టర్నోవరో ఉండాలి. మీ కంపెనీకి ఉందా?

నాగావళి ఒడ్డు:
టర్నోవరు లెక్క మీకెందుకండీ? నా పోస్టు పోయిందా లేదా?

రాజాం కుర్రాడు:
మా ఊరి సర్పంచమ్మ బదులు మొదట్లో వాళ్లాయనే మాట్లాడేవాడు. ఇప్పుడు ఆవిడే ఎమ్మార్వోతో మాట్లాడుతోంది. రిజర్వేషన్ లేకపోతే ఆ కుర్చీ దాకా వచ్చేదే కాదు.

కోట జంక్షన్:
మీకు అన్యాయం చేసింది మీ యజమాని. కోపం మాత్రం ఆడవాళ్ల మీద! మా అమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టింది. ఆ జిగురుకి వేళ్లు నల్లబడి తోలు ఊడేది. సూపర్‌వైజర్లంతా మగాళ్లే. మరుగుదొడ్డి కావాలని అడగడానికి నోరు రాక పొద్దుట్నించీ నీళ్లు తాగకుండా పనిచేసేది. పైన ఒక్క ఆడమనిషి ఉంటే ఆ మాట వినేది కదా?

నాగావళి ఒడ్డు:
ఆ జీడి బట్టీకి బోర్డు ఉందా అమ్మా? నార్వేలో 40 శాతం కోటా పెట్టి, 2008 కల్లా అమలు చేశారు. బోర్డులు మారాయి. కింద పనిచేసే ఆడవాళ్ల జీతాలు పెద్దగా మారలేదని అక్కడ పరిశోధించినవాళ్లే తేల్చారు. నా కూతురు ఎంకాం చదివింది. ఎవరి కోడలూ కాదు. దానికి కావలసింది పై కుర్చీ కాదు, మొదటి మెట్టు. నా బాధంతా అదే.

కోట జంక్షన్:
ఈ మాట ముందే అనుంటే ఇంత గొడవ ఉండేది కాదు. మెట్టూ కావాలి, కుర్చీ కూడా కావాలి. కుర్చీని మాత్రం నేను వదులుకోను.

నాగావళి ఒడ్డు:
ఆ కుర్చీ దగ్గరే మనకి కుదరదు. అమ్మగారి పనిచోట మరుగుదొడ్డి కట్టారా?

కోట జంక్షన్:
లేదండి. అమ్మే మానేసింది.