అప్‌డేట్: జనవరిలో ప్రాగ్, ఇద్దరికి మూడు రోజులు

జనవరి చలిలో మూడు రోజుల్లో ప్రాగ్ చూడగలమా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం, చూడొచ్చు. చలికన్నా వెలుతురుదే ఇబ్బంది: సాయంత్రం ఐదు కాకముందే చీకటి. ప్రాగ్ కోట లోపలి భవనాలు శీతాకాలంలో 4కే మూస్తారు, కాబట్టి పొద్దున 9కే అక్కడుండాలి. 22 నంబరు ట్రామ్‌లో ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాపులో దిగితే మెట్లెక్కే బాధ తప్పుతుంది. చూశాక చార్లెస్ వంతెన దాకా అంతా దిగుడే. ఆ రాళ్ల బాటల మీద మంచు గడ్డకడితే నున్నటి అడుగు బూట్లు జర్రున జారతాయి, గాడులున్నవే కొనండి.

ఎయిర్‌పోర్ట్ నుంచి 59 నంబరు ట్రాలీబస్ ఎక్కి, వెలెస్లావీన్‌లో మెట్రో A లైనుకు మారాలి. కాగితం టికెట్‌పై మొదటిసారి ఎక్కగానే పసుపు మిషన్‌లో ముద్ర వేయాలి, ఒక్కసారే. ముద్ర లేకుంటే టికెట్ చేతిలో ఉన్నా జరిమానాయే. ఏటీఎం 'రూపాయల్లోకి మార్చాలా' అంటే వద్దు నొక్కి, అక్కడి కరెన్సీ కొరునాల్లోనే తీయండి.