గెర్నికాలో సైనికుడు ఉన్నాడా, లేడా?

రంగులరాట్నం: పోయిన నెల మాడ్రిడ్‌లో రెయినా సోఫియా మ్యూజియానికి వెళ్లాను. పికాసో ‘గెర్నికా’ ముందు అరగంట నిలబడిపోయా. 7.77 మీటర్ల పొడుగు, రంగన్నదే లేదు, అంతా నలుపూ తెలుపూ బూడిదే. 1937లో జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులేసిన స్పెయిన్ ఊరు గెర్నికా బొమ్మ అది. అందులో విమానమే లేదు! యుద్ధాన్ని చూపిస్తే ఇలా చూపించాలి. మన సాలార్‌జంగ్‌లో రాళ్లు పొదిగిన పిడిబాకులు చూసి ‘అబ్బ, ఏం పనితనం’ అనుకుంటూ బయటికొస్తాం.

మాధవరం మనవడు: విమానమే కాదు, సైనికుడు కూడా లేడు. తల్లి, బిడ్డ, గుర్రం, ఎద్దు. ఇక మిలిటరీవాడి బాధ ఎవడికి కావాలి?

ఈతచెట్టు: ఉన్నాడండీ. కింద ఎడమవైపు పడి ఉన్నాడు. చేతిలో విరిగిన కత్తి, పక్కన చిన్న పువ్వు.

మాధవరం మనవడు: అది విరిగిన విగ్రహం. మెడ దగ్గర చూడండి.

ఈతచెట్టు: విగ్రహానికి అరచేతిలో గీతలుంటాయా?

సందులో సోది: గీతలున్నాయట, జాతకం కూడా చూసేయండి.

రంగులరాట్నం: సైనికుణ్ణి అసలు చూపించలేదనడం తప్పు. లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో జాన్ సింగర్ సార్జెంట్ అనే చిత్రకారుడు 1919లో వేసిన ‘గ్యాస్డ్’ ఉంది. విషవాయువు తగిలి కళ్లకు గుడ్డలు కట్టుకున్న జవాన్లు ముందువాడి భుజం పట్టుకుని వరసగా నడుస్తుంటారు, వెనకాల ఎవరో ఫుట్‌బాల్ ఆడుకుంటుంటారు. జర్మన్ చిత్రకారుడు ఒట్టో డిక్స్ అయితే మొదటి ప్రపంచ యుద్ధంలో స్వయంగా మెషిన్‌గన్ పట్టినవాడు. కందకంలో కుళ్లిన శవాలు గీశాడు. 1923లో కొలోన్ మ్యూజియం దాన్ని కొని తెర వెనకాల వేలాడదీసింది, చివరికి గొడవకు తాళలేక వెనక్కిచ్చేసింది. 1937లో నాజీలు దాన్నే ‘దిగజారిన కళ’ అని ప్రదర్శనకు పెట్టి వెక్కిరించారు.

మాధవరం మనవడు: అందరూ తెల్లోళ్లే కదండీ. మా తాత రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లొచ్చాడు. ఆయన మెడల్సూ కాగితాలూ ఒక మ్యూజియానికి ఇవ్వబోతే ‘స్థలం లేదు’ అన్నారు. రెండుసార్లు తిరిగా. అద్దాల బీరువాలో కింది అర ఖాళీ, నా కళ్లతో చూశా.

ఈతచెట్టు: మెడల్‌కీ పెయింటింగ్‌కీ ఏం సంబంధం? మాట మార్చకండి.

మాధవరం మనవడు: మార్చట్లేదు. యుద్ధం పాపమని చెప్పే మీ గోడ మీద మా తాత ఎటు నిలబడాలి? చంపినోళ్ల వైపా, చచ్చినోళ్ల వైపా?

రంగులరాట్నం: అడిగారు కాబట్టి చెప్తున్నా. 1970లో, గెర్నికా న్యూయార్క్‌లోని మోమా (ఆధునిక కళల మ్యూజియం)లో ఉన్నప్పుడు, దాని ముందు కళాకారులు మై లాయ్ పోస్టర్ పట్టుకుని నిలబడ్డారు. మై లాయ్ అంటే అమెరికా సైనికులు ఊరి జనాన్ని చంపిన వియత్నాం పల్లె. బాటలో గుట్టగా శవాలు, ఆడవాళ్లూ పిల్లలూ. పోస్టర్ పంచడానికి మొదట్లో ఒప్పుకున్న మ్యూజియమే తర్వాత వెనక్కి తగ్గింది. చంపింది జవాన్లు. ఆ పోస్టర్ పక్కన మెడల్ పెట్టమంటారా?

మాధవరం మనవడు: పెట్టమనే అంటా. పక్కపక్కనే. దీపావళికి టపాకాయలు మొదలైతే మా తాత గొడ్లసావిట్లోకి పోయి తలుపేసుకునేవాడు. బర్మాలో ఏం చేసొచ్చాడో, ఏం చూసొచ్చాడో చచ్చేదాకా చెప్పలేదు. అది మెడల్ మీద రాసి లేదు, మీ గెర్నికాలోనూ లేదు.

రంగులరాట్నం: …ఇది మొదట్లోనే చెప్పాల్సింది.

మాధవరం మనవడు: మొదట్లో ఎవరడిగారు?

ఈతచెట్టు: తాతగారికి దండం. కానీ ఆ చెయ్యి మాత్రం మనిషిదే.